పనిచేస్తున్న బ్యాటరీలోకి తొంగిచూసే కొలువు

కొన్నేళ్లు వాడేసరికి ఫోన్ బ్యాటరీ ఎందుకు నీరసపడుతుంది? కారణం తెలుసుకోవడానికి సెల్‌ను విప్పి చూస్తే సగం సంగతే తెలుస్తుంది. కరెంటు ఆపగానే లోపలి లిథియం సర్దుకోవడం మొదలుపెడుతుంది. గాలి, తేమ తగిలితే ఆనోడ్ స్వభావమే మారిపోతుంది. అందుకే ఛార్జింగ్, డిశ్చార్జింగ్ జరుగుతుండగానే సెల్‌ను పరిశీలించే విధానం వచ్చింది. దీన్నే ‘ఆపరాండో’ పరిశోధన అంటారు. రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం రెండూ ఇష్టమైన విద్యార్థులకు ఇంతకన్నా మంచి రంగం అరుదు.

బ్యాటరీల్లో కాథోడ్‌గా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కథే చూడండి. లిథియం నిండిన దశ, ఖాళీ అయిన దశ ఇందులో విడివిడిగా ఉంటాయని భావించేవారు. అలాంటప్పుడు ఇది అంత వేగంగా ఎలా ఛార్జ్ అవుతోంది? కేంబ్రిడ్జ్‌లోని క్లేర్ గ్రే బృందం సెల్‌ను వేగంగా నడుపుతూనే దానిమీద ఎక్స్-కిరణాలు పంపి, 2014లో జవాబు ప్రచురించింది. ఆ వేగంలో నానో కణాలలో రెండు దశలకూ మధ్యస్థంగా ఉండే తాత్కాలిక నిర్మాణాలు కనిపించాయి. సెల్‌ను ఆపి, విప్పి చూసేవారికి అవి దొరకవు.

ఈ రంగంలోకి రావాలంటే బీఎస్సీ తర్వాత జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయవచ్చు. మెటలర్జీ, కెమికల్ ఇంజినీరింగ్ వారికి గేట్ దారి ఉంది. పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు సీఎస్ఐఆర్-నెట్ ఉపయోగపడుతుంది. కారైకుడిలోని సెక్రి ఎలక్ట్రోకెమిస్ట్రీకే అంకితమైన జాతీయ సంస్థ. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ కూడా లిథియం బ్యాటరీ పదార్థాలపై పనిచేస్తోంది. శక్తిమంతమైన ఎక్స్-కిరణాలు కావాలంటే ఇందోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది.

డిగ్రీ ఒక్కటే చాలదు. గాలి, తేమ తగలని గ్లవ్ బాక్స్‌లో కాయిన్ సెల్ తయారుచేయడం ముందు చేతికి రావాలి. పది సెల్స్ చేస్తే పదీ ఒకేలా పనిచేయాలి. ఆ నిలకడ లేనివారి ఎక్స్-రే ఫలితాలను నేనైతే నమ్మను. ఇంకో జాగ్రత్త: కిరణాలు పడటం వల్లే ఎలక్ట్రోలైట్ దెబ్బతినవచ్చు. కిరణాలు లోపలికి వెళ్లడానికి పెట్టిన కిటికీ దగ్గర ఒత్తిడి తగ్గి, అక్కడి పదార్థం మిగతా చోట్లకన్నా నెమ్మదిగా స్పందించవచ్చు. కాబట్టి కిరణాలు పడని మామూలు సెల్‌ను పక్కన నడిపి పోల్చి చూడాలి. ఒక్క ప్రయోగం వేల డిఫ్రాక్షన్ చిత్రాలను ఇస్తుంది గనుక పైథాన్ రావడం తప్పనిసరి. సెల్ తయారీ, పైథాన్ రెండు నైపుణ్యాలూ ఒకే మనిషిలో ఉంటే ఏ ల్యాబ్ అయినా ఆసక్తిగా చూస్తుంది.

పరిశోధన వద్దనుకునేవారికి సెల్ టెస్టింగ్, నాణ్యత పరిశీలన, వైఫల్య విశ్లేషణ వంటి ఉద్యోగాలున్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్ ప్రాజెక్టుకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి ఫ్యాక్టరీలకు సెల్ ఎందుకు పాడైందో చెప్పగలిగేవారు కావాలి.

ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవారు ఈ వేసవిలోనే దగ్గరలోని బ్యాటరీ ల్యాబ్‌కు ఇంటర్న్‌షిప్ కోసం రాయండి.