ప్రశ్నలు – జవాబులు: వికెట్ల మధ్య పరుగు, ఫీల్డింగ్ సాధన

ప్రశ్న: చురుగ్గా పరుగెత్తే బ్యాటర్లు కూడా రెండో పరుగుకు తరచూ రనౌట్ కావడానికి కారణమేమిటి? ఏ సాధనతో దీన్ని సరిదిద్దుకోవచ్చు?

జవాబు: రెండు వికెట్ల మధ్య దూరం 22 గజాలే అయినా, వికెట్లకు 4 అడుగుల ముందు గీసే పాపింగ్ క్రీజు రెండు కొసలా ఉండటం వల్ల బ్యాటర్ దాటవలసినది 58 అడుగులు, అంటే 17.68 మీటర్లు మాత్రమే; పూర్తి వేగం అందుకునేలోపే ఆగవలసి వస్తుంది గనుక, కాలం వృథా అయ్యేది పరుగులో కంటే మలుపులోనే ఎక్కువ. నడుము వంచి, చేయి చాచి, బ్యాటును నేలమీద జార్చుతూ గీత దాటించి, పాదాలు క్రీజు చేరకముందే వెనుదిరిగే బ్యాటర్‌కు దాదాపు చేయీ బ్యాటూ కలిసినంత దూరం మిగులుతుంది. బంతి ఎడమవైపు ఉంటే బ్యాటు కుడిచేతిలో, కుడివైపు ఉంటే ఎడమచేతిలో ఉండాలి. అప్పుడే తిరిగేటప్పుడు ముఖం బంతివైపు ఉండి, రెండో పరుగు సాధ్యమో కాదో కంటితోనే తేలుతుంది. కాబట్టి ప్యాడ్లు కట్టుకున్న బ్యాటర్ బయలుదేరిన తర్వాతే శిక్షకుడు బంతిని ఏదో ఒక వైపుకు దొర్లించాలి. బంతి లేకుండా అటూ ఇటూ పరుగెత్తించే అలవాటు దమ్మును పెంచుతుందే తప్ప నిర్ణయశక్తిని పెంచదు.

ప్రశ్న: పరుగుకు పిలుపు ఎవరివ్వాలి?

జవాబు: బంతి వికెట్ ముందుకు పోతే స్ట్రైకర్, వెనక్కు పోతే నాన్‌స్ట్రైకర్ పిలవడం ఆనవాయితీ. 1999 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో స్కోర్లు సమమైన దశలో స్ట్రైకర్ క్లూసెనర్ పరుగందుకున్నా, బంతినే చూస్తూ నిలిచిన నాన్‌స్ట్రైకర్ డొనాల్డ్ ఆలస్యంగా కదిలి రనౌట్ కావడంతో మ్యాచ్ టై అయింది, నిబంధనల ప్రకారం ప్రత్యర్థి ఆస్ట్రేలియా ఫైనల్‌కు వెళ్లింది.

ప్రశ్న: ఒకే స్టంపు పెట్టి ఫీల్డర్ల చేత విసిరించడం అవసరమా?

జవాబు: అవసరమే, ఎందుకంటే పిచ్‌కు పక్కగా నిలిచిన ఫీల్డర్‌కు మూడు స్టంపులూ ఒకదాని వెనుక ఒకటిగా చేరి ఒక్కటిగానే కనబడతాయి. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో పరుగుకు పేరుపడ్డ ధోనీని సైతం లెగ్‌సైడ్ నుంచి గప్టిల్ నేరుగా కొట్టిన విసురే రనౌట్ చేసింది. అయితే విసిరే ప్రతిసారీ స్టంపుకు ఆవల మరో ఫీల్డర్ కాపు ఉండాలి. గురి తప్పిన బంతి బౌండరీ దాటితే, బ్యాటర్లకు దక్కే పరుగులకు మరో నాలుగు కలుస్తాయి.