బంగాళాదుంప: క్రొత్త రకముల పుట్టుక, ఎంపిక

కోస్తా జిల్లాలలో బంగాళాదుంప యనియు, రాయలసీమలో ఉర్లగడ్డ యనియు, తెలంగాణమున ఆలుగడ్డ యనియు పిలువబడు ఈ పంటకు రైతు పెట్టు మదుపులో విత్తనపు ఖర్చే మిక్కిలి పెద్దది. ఎకరమునకు పది పండ్రెండు క్వింటాళ్ల దుంప నాటవలసియుండును. ఆ విత్తనము తగని రకమైనను, తెగులు పట్టినదైనను ఆ యేటి శ్రమయంతయు వ్యర్థమగును. కావున మంచి రకము ఎట్లు పుట్టును, దాని గుణమును ఎట్లు పరీక్షింపవలెను, అది యెంతకాలము నిలుచును అను విషయములను సభ్యులెల్లరు ఎరిగియుండుట యవసరము.

1. దుంపకును గింజకును గల భేదము

మనము నాటు దుంప నిజమునకు గింజ కాదు. భూమిలో ఉబ్బిన కొమ్మ. దాని కన్నులనుండి మొలచు మొక్క అన్ని గుణములందును తల్లిమొక్కయే. ఒక రకమును నూరేండ్లు నాటినను అది ఆ రకముగనే యుండును. ఇందు లాభమును కలదు, అపాయమును కలదు. మంచి రకము దొరికినచో దాని గుణము చెదరదు, ఇది లాభము. పొలమంతయు ఒకే మొక్కకు ప్రతిరూప మగుటచే ఒకదానిని కూల్చు తెగులు అన్నిటిని కూల్చును, ఇది అపాయము.

ఐర్లండు దేశములో జరిగినదిదియే. అచ్చటి బీదరైతులు 'లంపర్' అను ఒక్క రకమును విస్తారముగా నాటుచు, దానినే ఆహారముగా నమ్మియుండిరి. 1845లో ఆకుమాడు తెగులు ప్రవేశించెను. ఆకులు నల్లబడి, దుంపలు భూమిలోనే కుళ్లిపోయెను. తరువాతి కొలది యేండ్లలో ఆకలిచేతను, జ్వరములచేతను సుమారు పది లక్షలమంది మరణించిరి. మరి పది లక్షలమందికి తక్కువ గాకుండ దేశము విడిచి పోయిరి.

ఇక గింజ సంగతి వేరు. బంగాళాదుంప మొక్క పూచి, చిన్న పచ్చి టమాటావంటి కాయ కాయును. అందలి సన్నని గింజలు మొలచినప్పుడు ఏ రెండు మొక్కలును ఒక్కరీతిగ నుండవు. ఈ మొక్క జీవకణమునందు ప్రతి గుణమునకును నాలుగేసి ప్రతు లుండుటచే అవి గింజగింజకు వేరువేరు విధముల కలియుచుండును. అమెరికాలో లూథర్ బర్బాంక్ అను తోటపనివాడు 'ఎర్లీ రోజ్' రకమున అరుదుగా కాసిన ఒక్క కాయను చూచి, అందలి 23 గింజలను నాటి, వానిలో మేలైనదానిని ఏరి, 1875లో విత్తన వర్తకున కమ్మెను. దానినుండి కలిగిన గరుకుతోలు రకమే నేటికిని అమెరికాలో ప్రసిద్ధమైన 'రసెట్ బర్బాంక్'.

దీనినిబట్టి ఒక నియమము తెలియుచున్నది. క్రొత్త రకము గింజనుండి పుట్టవలెను. మన పొలములోని దుంపలలో లావుపాటివి ఏరి నాటినంతమాత్రమున రకము మారదు. అట్లు ఏరుట వలన వచ్చు మేలు ఆరోగ్యమునకు సంబంధించినది. దానిని చివర చెప్పెదము.

2. సంకరము చేయు విధము

పగలు దీర్ఘముగాను, వాతావరణము చల్లగాను ఉన్నచోటనే ఈ మొక్క బాగుగ పూచి కాయును. మన మైదానములలో శీతకాలపు చిన్న పగళ్లయందు పూత తక్కువ, కాయ మరింత అరుదు. అందుచేతనే ఈ పని కొండలమీద జరుగుచున్నది. 1935లో షిమ్లాలో సంకర పరిశోధన మారంభమైనది. 1949లో పాట్నాయందు స్థాపింపబడిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1956లో షిమ్లాకు మార్చబడినది. దానికి సమీపముననున్న కుఫ్రీ అను కొండయూరి పేరే ఆ సంస్థ విడుదలచేయు రకములకు ఇంటిపేరైనది.

పని యిట్లు జరుగును. తల్లిగా నెన్నుకొన్న మొక్క మొగ్గ విచ్చకముందే దానిలోని పుప్పొడి తిత్తులను చిన్న పట్టకారుతో తీసివేయుదురు. తండ్రిగా నెన్నుకొన్న రకపు పుప్పొడిని తెచ్చి ఆ పువ్వు కీలాగ్రమునకు అంటింతురు. కాయ రాలి పోకుండ పలుచని గుడ్డసంచి కట్టుదురు. ఒక్కొక్క కాయలో నూరుకు పైగా గింజ లుండుటయు కలదు.

మొదటి యేడు గింజలు మొలచి చిన్న దుంపలిచ్చును. మొక్క కొక దుంప చొప్పున దాచి రెండవ యేడు నాటుదురు. అప్పటినుండి ఏరివేత ప్రారంభము. ఆకారము వికారమైనవి, కన్నులు లోతై చెక్కు తీయుటలో నష్టము కలిగించునవి, కోతలో పగులునవి, కాపు తక్కువవి తొలగింపబడును. మిగిలిన వాని ఆకులకు తెగులును కావలెనని అంటించి తట్టుకొనువానిని నిలుపుదురు. తరువాత వేరువేరు రాష్ట్రములలో, వేరువేరు నేలలలో ఏండ్ల తరబడి పరీక్ష. వేలకొలది మొలకలలో ఒకటి రెండు మాత్రమే రకములుగ నిలుచును. ఇందుకు పదేండ్లకు తక్కువ పట్టదు.

3. గుణమును పరీక్షించుట

గుణమనగా కంటికింపుగ నుండుట మాత్రమే కాదు. కూరకు కావలసిన దుంప వేరు, వేపుడు చిప్సుకు కావలసినది వేరు. చిప్సుకు దుంపలో నీరు పోగా మిగులు సారము నూటి కిరువది పాళ్లైన నుండవలెను, చక్కెర మిక్కిలి తక్కువ యుండవలెను. చక్కెర హెచ్చైనచో నూనెలో వేయగనే నల్లబడును. మిక్కిలి చల్లని గిడ్డంగిలో నిలువయుంచిన దుంపలో చక్కెర పెరుగును గనుక వర్తకుడు అట్టి సరకును తిరస్కరించుట కలదు. ఈ యవసరమునకే 1998లో 'కుఫ్రీ చిప్సోనా' రకములు విడుదలైనవి.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఎనిమిది లీటర్ల నీటిలో ఒక కిలో ఉప్పు కరగించి, కడిగిన దుంపలను అందు వేయవలెను. సారము గలవి మునుగును, నీరుబారినవి తేలును.

గుణముకొరకు చేయు సంకరములో జాగ్రత్త తప్పినచో కీడును కలుగును. అమెరికాలో 1967లో విడుదలైన 'లెనాపే' రకము చిప్సుకు శ్రేష్ఠమైనది. దాని పూర్వులలో అడవిజాతి యొకటి కలదు. దుంపలో చేదువిషము హద్దుమీరియుండుట బయటపడగా 1970లో దానిని ఉపసంహరించిరి. ఎండసోకి పచ్చబడిన దుంపను తినరాదనుటకు కారణమును ఈ విషమే.

4. తెగులును తట్టుకొను శక్తి

మెక్సికో దేశపు అడవి బంగాళాదుంపలో ఆకుమాడు తెగులును పూర్తిగ నడ్డగించు శక్తి కనబడగా, శాస్త్రజ్ఞులు దానిని సాగురకములతో సంకరముచేసిరి. తొలుత ఫలితము అద్భుతముగ నుండెను. కాని ఆ శక్తి ఒకటి రెండు జన్యువులమీదనే ఆధారపడినందున, తెగులు క్రొత్త రూపు దాల్చి కొలదికాలములోనే దానిని దాటెను. తాళ మొక్కటే యైనచో దొంగకు ఒక్క మారుచెవి చాలును గదా! అందుచేత పెక్కు జన్యువులు కలిసి యిచ్చు మధ్యమ నిరోధమే మేలని ఇప్పుడు భావించుచున్నారు. అది తెగులును పూర్తిగ ఆపదు. మెల్లగా వ్యాపించునట్లు చేయును, మందు చల్లుట తగ్గించును.

మనదేశపు అనుభవమును ఇట్టిదే. 1968లో విడుదలైన 'కుఫ్రీ జ్యోతి' ఆకుమాడును బాగుగ తట్టుకొని దేశమంతట వ్యాపించెను. కాలక్రమమున ఆ శక్తి తగ్గెను. అదే యేడు వచ్చిన 'కుఫ్రీ చంద్రముఖి' త్వరగా చేతికివచ్చు రుచికరమైన రకమైనను ఆ తెగులునకు లొంగును. కొండప్రాంతములకై 2008లో 'కుఫ్రీ గిరిధారి' వచ్చినది. ఏ రకమును శాశ్వతము కాదు.

5. సభ్యులు చేయవలసిన పని

మొదటిది, విత్తనపు ఎంపిక రాశిలో కాక పైరులో జరుగవలెను. ఆకుముడత మొదలగు వైరస్ తెగుళ్లు సోకిన మొక్కలకు దుంపలు చిన్నవగును. పంట అమ్మి చిన్న దుంపలను విత్తనమునకు దాచు రైతు తెలియకయే రోగపు మొక్కలను ఏరి దాచినవాడగుచున్నాడు. పైరు పచ్చగ నున్నప్పుడే ఆరోగ్యమైన మొక్కల ప్రక్క పుల్లలు పాతి, వాని దుంపలనే వేరుగ త్రవ్వవలెను. ముడతపడినవి, గిడసబారినవి కనబడగనే దుంపతో సహా పెరికివేయవలెను.

రెండవది, ఈ వైరస్‌లను మోయునది పేనుబంక. ఉత్తరదేశపు మైదానములలో అక్టోబరులో నాటి, జనవరిలో పేనుబంక హెచ్చకముందే తీగను కోసివేసి ఆరోగ్యమైన విత్తనము పండించు పద్ధతిని పుష్కరనాథ్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించెను. జహీరాబాదు ప్రాంతమున ఆలుగడ్డ వేయు రైతులు ఉత్తరపు విత్తనము కోరుటకు ఇది యొక కారణము. అట్లు తెప్పించునపుడు ధరతోపాటు ధ్రువీకరణ చీటీని, రకము పేరును, పండిన తావును అడిగి తీసికొనవలెను.

మూడవది, క్రొత్త రకమును పొగడ్త విని ఊరంతయు వేయరాదు. ముగ్గురు సభ్యుల పొలములలో, పాతరకము ప్రక్కనే, ఒకే దినమున, ఒకే ఎరువుతో నాలుగేసి సాళ్లు నాటి, మొలకల సంఖ్యను, తెగులుపడిన మొక్కలను, పెద్ద చిన్న దుంపల తూకమును వేరుగ వ్రాయవలెను. ఉప్పునీటి పరీక్షయు, వండి రుచి చూచుటయు చేయవలెను. రెండేండ్ల లెక్క చూచిన పిమ్మట సంఘము పక్షమున విత్తనము కొనవచ్చును. అప్పుడును ఊరి విస్తీర్ణమంతయు ఒక్క రకమునకే ఒప్పగింపక, రెండు మూడు రకములకు పంచుట క్షేమము.

ఒక్క రైతు ఈ పరీక్షలన్నియు చేయుట కష్టము. పదిమంది కలిసిన సంఘమునకు సులభము. నాటు కాలము రాకముందే సభ జరిపి, పరీక్ష సాళ్లు వేయు ముగ్గురి పేర్లను తీర్మానములో వ్రాసికొనుట మంచిది.