ఐదుగురి నగర యాత్ర

పాఠ్యభాగ పరిచయం

యాత్రాకథనం తెలుగువారికి కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆ ప్రయాణంలో వారు కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరుకున్నారు. ఏ ఊరిలో మంచినీరు దొరుకుతుంది, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ సరుకులు లభిస్తాయి అనే సంగతులన్నీ వారు వ్రాసిపెట్టారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె ఆ రచనను 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా ప్రచురించారు. నెలల తరబడి సాగిన ఆ యాత్రకు ఎంత ముందుచూపు అవసరమైందో, మూడు రోజుల నగర సందర్శనానికి కూడా దాని స్థాయిలో ముందుచూపు అవసరమే. ఒక సామాన్య రైతు కుటుంబం హైదరాబాదు యాత్రను ఎలా రూపొందించుకొన్నదో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

జమ్మలమడుగు సమీపంలో ఒక గ్రామం. నల్లరేగడి నేల. పెన్నానది దగ్గరే అయినా, ఏడాదిలో అధిక భాగం అందులో ఇసుకే కనిపిస్తుంది. ఆ ఊరిలో ఒక రైతు ఇంట ఐదుగురు ఉన్నారు. అవ్వ, తల్లిదండ్రులు, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి, ఏడవ తరగతి చదివే ఆమె తమ్ముడు.

అక్టోబరు మొదటి వారంలో ఒక సాయంత్రం తండ్రి ఒక మాట అన్నాడు. “శనగ విత్తనం పడినాక డిసెంబరులో నాలుగు నాళ్ళు తీరిక ఉంటుంది. పిల్లలకు హైదరాబాదు చూపిద్దాం. పన్నెండు వేలకు మించి నా చేత కాదు. లెక్క నువ్వే వెయ్యి పాపా.”

కడప, కర్నూలు జిల్లాలవారికి హైదరాబాదు తెలియని ఊరు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలే రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో రాజధాని హైదరాబాదుకు మారింది. 2014 జూన్ 2 నుండి ఆ నగరం తెలంగాణ రాష్ట్రానికి రాజధాని అయినా, చదువుకో, ఉద్యోగానికో, వైద్యానికో రాయలసీమవారు నేటికీ అక్కడికి వెళుతూనే ఉన్నారు. పనిమీద వెళ్ళి పని ముగియగానే తిరుగుబస్సు ఎక్కినవారే వారిలో ఎక్కువమంది. నగరాన్ని చూడడానికే వెళ్ళినవారు తక్కువ.

అమ్మాయి ఆ రాత్రే జాబితా వ్రాసింది. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జంతుప్రదర్శనశాల, హుస్సేన్‌సాగర్, బిర్లామందిరం, నక్షత్రశాల, సినిమా చిత్రీకరణ నగరం... మొత్తం పద్నాలుగు ప్రదేశాలు. రోజుకు ఐదేసి చొప్పున మూడు రోజులలో ముగించవచ్చునని లెక్కవేసింది. ఖర్చు మాత్రం రూ. 19,000 దాటింది.

మరునాడు ఆ జాబితాను అందరి ముందు చదివింది. తమ్ముడు ఎగిరి గంతు వేశాడు. అవ్వ నెమ్మదిగా అన్నది. “మీరు పోయి రాండి. నా మోకాళ్ళు సహకరించవు. ఇంటికాడ బర్రెను చూసుకోవాలి కదా.”

ఎవరూ బదులు చెప్పలేదు. ఐదుగురి ఖర్చు నలుగురికి తగ్గితే లెక్క కొంత తేలికవుతుందని అమ్మాయికి తోచిన మాట నిజం. అయితే ఆ రాత్రి తల్లి ఆమెకు ఒక సంగతి చెప్పింది. “మీ అవ్వ హైదరాబాదు చూడలేదనుకొన్నావా? మీ తాతకు జబ్బు చేసినప్పుడు ఇరవై దినాలు అక్కడే ఉంది. ఆసుపత్రి వరండా, బస్టాండు తప్ప ఏమీ చూడలేదు. నయమైనాక గంట కొట్టే బొమ్మను చూపిస్తానని మీ తాత మాట ఇచ్చినాడంట. ఆయనకు నయం కాలేదు.”

గంట కొట్టే బొమ్మ అంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం. దాని పేరు అమ్మాయి జాబితాలో మూడవది. దానికి ఆమె కేటాయించిన సమయం నలభై నిమిషాలు.

ఆమె ఆ కాగితాన్ని ప్రక్కన పెట్టి మళ్ళీ మొదటి నుండి ప్రారంభించింది. ఈసారి ‘ఏమేమి చూడాలి?’ అనే ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న వ్రాసుకొన్నది. ‘మాలో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు?’

ఆ ప్రశ్నకు సమాధానం తెలియగానే తక్కిన నిర్ణయాలు ఒక్కొక్కటిగా తేలాయి.

మొదటిది ప్రయాణ సాధనం. కర్నూలు నుండి హైదరాబాదుకు రోడ్డు మార్గాన సుమారు 210 కిలోమీటర్లు; కడప నుండి సుమారు 410 కిలోమీటర్లు. బస్సు ఇంటికి దగ్గరలోనే దొరుకుతుంది. కాని రాత్రంతా మోకాళ్ళు ముడుచుకొని కూర్చోవడం వృద్ధులకు కష్టం. బస్సులో మరుగుదొడ్డి ఉండదు. ఆ భయంతోనే ఎందరో పెద్దవారు ప్రయాణంలో మంచినీళ్ళు కూడా త్రాగరు. ఎర్రగుంట్లలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కాచిగూడ చేరవచ్చు, పడుకొని వెళ్ళవచ్చు. 2024 నవంబరు 1 నుండి రైలు టిక్కెట్లను ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తీసుకొనే నియమం అమలులోకి వచ్చింది. అంతకుముందు ఆ గడువు 120 రోజులు. కనుక డిసెంబరు ప్రయాణానికి అక్టోబరులోనే మేలుకోవాలి. టిక్కెట్టు తీసుకొనేటప్పుడు వృద్ధుల వయస్సును సరిగా నమోదు చేస్తే, ఖాళీని బట్టి క్రింది బెర్తు లభిస్తుంది. వెళ్ళే టిక్కెట్టుతోపాటు తిరుగు టిక్కెట్టును కూడా గడువు తెరవగానే తీసుకోవాలి.

రెండవది రోజుల ఎంపిక. సంక్రాంతి సెలవులు అనుకూలమని మొదట తోచింది. పండుగకు ముందు వెళితే తిరుగు ప్రయాణంలో, పండుగ తరువాత వెళితే పోయేటప్పుడే రద్దీ తప్పదు. హైదరాబాదులోని సీమవాసులు స్వగ్రామాలకు వచ్చిపోయే రోజులవి. అందువల్ల డిసెంబరులో మంగళ, బుధ, గురువారాలను ఎన్నుకొని, కళాశాలలో సెలవు అడగాలని నిశ్చయించింది. దీనికి మరొక కారణం కూడా ఉన్నది. జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ చిన్న విషయం తెలియక దూరప్రాంతాల నుండి వచ్చి, మూసిన తలుపులు చూసి మరలిపోయేవారు ఉంటారు.

మూడవది బస. తెల్లవారుజామున దిగే ప్రయాణికులు గది అద్దెను దిగిన వేళ నుండి ఇరవైనాలుగు గంటలకు లెక్కిస్తారా, మధ్యాహ్నంతో ముగిస్తారా అని ముందే అడగాలి. రెండవ పద్ధతి అయితే ఐదారు గంటలకే ఒక రోజు అద్దె చెల్లించవలసి వస్తుంది. మెట్లు ఎక్కలేనివారు ఉంటే క్రింది అంతస్తు గదినే కోరాలి.

నాల్గవది ధనం. ఆమె వేసిన అంచనా ఇది: రైలు టిక్కెట్లకు రూ. 2,800, గదులకు రూ. 3,200, భోజనానికి రూ. 3,000, నగరంలో తిరగడానికి రూ. 1,500, ప్రవేశ రుసుములకు రూ. 500. మొత్తం రూ. 11,000. మిగిలిన వేయి రూపాయలను తల్లి చేతికిచ్చి, అనుకోని అవసరానికి తప్ప తీయరాదని నియమం పెట్టింది. మొదటి రోజు తిండికి జొన్నరొట్టెలు, వేరుశనగల పొడి ఇంటి నుండే తీసుకువెళ్ళాలని అవ్వ సూచించింది. తాను రానన్న మాట ఆమె అప్పటికే మరచిపోయింది. బర్రెను చూసుకోవడానికి ప్రక్కింటివారు ఒప్పుకొన్నారు.

చివరిది దర్శనీయ స్థలాల ఎంపిక. రోజుకు రెండు చాలునని అమ్మాయి నిర్ణయించింది. ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం. మధ్యాహ్నం విశ్రాంతి. పద్నాలుగింటిలో ఎనిమిదింటిని కొట్టివేయడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. సినిమా చిత్రీకరణ నగరం చూడడానికి ఒక పూట సరిపోదు. ఖర్చు కూడా ఎక్కువ. అది తమ్ముడికి ఇష్టమైనది. దానికి బదులుగా మూడవ రోజు ఉదయం పూర్తిగా వాడిదేనని ఒప్పందం కుదిరింది. వాడు జంతుప్రదర్శనశాలను ఎన్నుకొన్నాడు. 1963లో ప్రారంభమైన ఆ విశాలమైన శాలలో నడవలేనివారికి బ్యాటరీ బండ్లు ఉన్నాయి.

అనుకొన్న రోజున వారు బయలుదేరారు. తమ్ముడి జేబులో తండ్రి ఫోను నంబరు వ్రాసిన కాగితం, అవ్వ సంచిలో మందులు, అందరి గుర్తింపు కార్డులు తల్లి వద్ద ఉన్నాయి.

మొదటి రోజు పదకొండు గంటల ప్రాంతంలో సాలార్‌జంగ్ మ్యూజియంలో అడుగుపెట్టారు. సాలార్‌జంగ్ వంశీయులు, ముఖ్యంగా మూడవ సాలార్‌జంగ్, దేశవిదేశాల నుండి సేకరించిన కళాఖండాల నిలయమిది. 1951 డిసెంబరు 16న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రజల సందర్శనార్థం ప్రారంభించారు. ప్రస్తుత భవనంలోకి ఇది 1968లో మారింది. పలుచని మేలిముసుగు వెనుక ముఖం కనిపించేలా చలువరాతిలో చెక్కిన ‘రెబెకా’ శిల్పాన్ని తల్లి చాలాసేపు చూసింది. ఇటలీ శిల్పి బెంజోని దానిని రూపొందించాడు. అవ్వ మాత్రం గడియారం ఎదుటనే కూర్చున్నది.

పన్నెండు గంటలకు కొద్ది నిమిషాల ముందు గడియారంలోని చిన్న తలుపు తెరుచుకొన్నది. గడ్డపు మనిషి బొమ్మ బయటికి వచ్చి నిలిచింది. వేళ కాగానే గంట కొట్టసాగింది. చుట్టూ ఉన్న జనం సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకొన్నారు. అవ్వ వ్రేళ్ళు మడుస్తూ పన్నెండూ లెక్కపెట్టింది. బొమ్మ లోపలికి వెళ్ళిన తరువాత, “ఇంకొక గంట ఆగితే మళ్ళీ వస్తుందా?” అని అడిగింది.

“వస్తుంది అవ్వా. కాని అప్పుడు ఒక్క గంటే కొడుతుంది.”

“ఒకటైనా చాలు.”

వారు ఆగారు. ప్రణాళికలో ఆ గంటకు చోటు ఉన్నది.

సాయంత్రం, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన చార్మినారును చూశారు. మరునాడు గోలకొండ. అక్కడ శిఖరాన ఉన్న బాలాహిస్సారు వరకు మూడువందలకు పైగా మెట్లు. పిల్లలు, తండ్రి పైకి వెళ్ళారు. అవ్వ, తల్లి ప్రవేశద్వారం వద్దనున్న గుమ్మటం క్రింద నిలిచారు. అక్కడ చప్పట్లు కొడితే ఆ ధ్వని పైన వినిపిస్తుంది. శత్రువుల రాకను తెలపడానికి కోట నిర్మాతలు చేసిన ఏర్పాటని చెబుతారు. ఎన్ని గంటలకు చప్పట్లు కొట్టాలో ముందే అనుకొన్నారు. ఆ వేళకు అవ్వ రెండు చేతులూ ఎత్తి కొట్టింది. పైనుండి తమ్ముడు ఫోనులో అరిచాడు. “వినపడింది అవ్వా! ఇంకొకసారి!” మెట్లెక్కలేని అవ్వ చప్పుడు కోట కొమ్ముకు చేరింది.

ఆ సాయంత్రం హుస్సేన్‌సాగర్ గట్టున నడిచారు. నీటి నడుమ 1992లో నెలకొల్పిన బుద్ధుని ఏకశిలా విగ్రహం కనిపిస్తున్నది. గట్టుమీది తెలుగు వెలుగుల విగ్రహాలలో అన్నమయ్య, మొల్ల, పోతులూరి వీరబ్రహ్మం ఉన్నారు. “అందరూ మన కడపవాళ్ళే!” అని తమ్ముడు ఆశ్చర్యపోయాడు. అంత పెద్ద నగరంలో తమ నేలవారు కనిపించగానే వాడికి ఆ ఊరిమీద చనువు కలిగింది.

మూడవ రోజు ఆటో కోసం చాలాసేపు వేచి ఉండవలసి వచ్చింది. సాయంత్రానికి అనుకొన్న బిర్లామందిరానికి సమయం మిగలలేదు. అమ్మాయి చిన్నబోయింది. తండ్రి ఆమె భుజం తట్టి, “గుడి ఎక్కడికీ పోదులే పాపా. రైలు పోతుంది” అన్నాడు.

రైలు కదిలిన తరువాత ఆమె పాత జాబితాను తీసి చూసింది. చూడనివి తొమ్మిది. చూసినవి ఐదే, వాటితోపాటు అనుకోకుండా దొరికిన ఒక గంట. కాగితం వెనుక ఇలా వ్రాసుకొన్నది: ‘ముందుగా మనుషులను లెక్కపెట్టాలి. తరువాతనే ప్రదేశాలను.’

క్రింది బెర్తుమీద అవ్వ అప్పటికే నిద్రపోయింది.

అర్థాలు

ముందుచూపు = రాబోయేదాన్ని ముందుగా ఆలోచించడం
నల్లరేగడి = నల్లని బంకమట్టి నేల
బస = ప్రయాణికులు దిగి ఉండే చోటు
రుసుము = చెల్లించవలసిన సొమ్ము
దర్శనీయం = చూడదగినది
మేలిముసుగు = ముఖాన్ని కప్పే పలుచని వస్త్రం
ఏకశిల = ఒకే రాయి
చనువు = దగ్గరితనం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అమ్మాయి మొదటి జాబితాకు, రెండవ ప్రణాళికకు గల భేదాలను వివరించండి.
2. “ముందుగా మనుషులను లెక్కపెట్టాలి” అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. బస్సు కంటే రైలు మేలని అమ్మాయి ఎందుకు భావించింది?
2. మంగళ, బుధ, గురువారాలను ఎన్నుకోవడానికి కారణాలేవి?
3. గోలకొండలో చప్పట్ల సన్నివేశాన్ని వర్ణించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘కాశీయాత్ర చరిత్ర’ ఏ సంవత్సరంలో ప్రచురితమైంది?
2. ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉన్న నగరం ఏది?
3. సాలార్‌జంగ్ మ్యూజియానికి ఏ రోజు సెలవు?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారితో మాట్లాడి, వారు చూడగోరే ఒక ప్రదేశాన్ని తెలుసుకోండి. దానిని కేంద్రంగా చేసుకొని, ఖర్చు అంచనాతో రెండు రోజుల యాత్రకు ప్రణాళిక వ్రాయండి.