గుడ్డకు ముందు కాగితం

కోసిగిలో కుట్టు నేర్చుకునే పిల్లలు మొదట మిషను ధర అడుగుతారు. నేను ముందు టేపు చూపించమంటాను. 60 అంగుళాల టేపు చవకే, కానీ వాడేకొద్దీ సాగుతుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. తేడా ఉంటే కొత్తది కొనండి.

ఇక జాకెట్టు ముందుభాగం. ఖాకీ కాగితం బల్లమీద పరచండి. ఎల్ స్కేలు మూలకు ఆనించి నిలువు గీత, అడ్డగీత గీయండి. ఆ మూల సరిగా లేకపోతే తర్వాత ఎన్ని కొలతలు వేసినా వంకరే. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9, లూజుకు అర అంగుళం. పెన్సిల్ మొన సన్నగా ఉండాలి, గీత లావైతే కొలత మారుతుంది.

చంక దగ్గర తొందర వద్దు. చాలామంది ఉత్తచేత్తో వంపు గీస్తారు. రెండో జాకెట్టుకు ఆ వంపు రాదు. ఫ్రెంచ్ కర్వ్ కొనుక్కోండి. ముందు చంకను వెనక చంక కంటే కొంచెం లోతుగా తీయాలి, చెయ్యి ముందుకు చాపినప్పుడు గుడ్డ ముడతపడదు. తర్వాత టేపును అంచుమీద నిలబెట్టి వంపు వెంట కొలవండి. చేతి ముక్క పైవంపును కూడా అలాగే కొలిచి చూడండి. అది చంక కంటే తక్కువైతే చెయ్యి పట్టేస్తుంది, మరీ ఎక్కువైతే కుచ్చులు పడతాయి. ముందు, వెనక భుజాలు కలిపి పెట్టి మెడవంపు ఎక్కడైనా విరిగిందేమో కూడా ఇప్పుడే చూడాలి. కాగితం మీద దిద్దడానికి రబ్బరు చాలు.

కాగితానికి వేరే కత్తెర ఉండాలి. కాగితం కోస్తే గుడ్డ కత్తెర మొండిబారుతుంది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మీరట్ కత్తెరలకు సాన పట్టిస్తే ఏళ్ళ తరబడి వస్తాయి. వాటిని గుడ్డకే ఉంచండి.

ప్యాట్రన్ మీద పేరు, ఛాతీ కొలత, నిలువుదారం బాణం రాయండి. డాట్లను ట్రేసింగ్ వీలుతో గుడ్డమీదికి దించండి. ఆఫీసు కార్బన్ వాడొద్దు, మరక పోదు.

ఎమ్మిగనూరులో 1938లోనే నేతకారుల సహకార సంఘం పెట్టారు. ఆ చుట్టుపక్కల చేనేత నూలుగుడ్డ కొన్నా, వేరే నూలు కొన్నా, కత్తిరించే ముందు నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. కుంచించుకుపోయేదంతా అప్పుడే కుంచించుకుపోతుంది. ఆ తర్వాతే ప్యాట్రన్ పరిచి, గుండుసూదులు గుచ్చి, పక్క కుట్లకు ఒకటిన్నర అంగుళం వదిలి సుద్దతో గీయండి.