అందరి సంతకాలూ కావాలంటే

చిరంజీవి అమ్మలుకు,


మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీవి అయ్యావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. లిఫ్టు రిపేర్లు, మెయింటెనెన్స్ బకాయిలు నువ్వెలాగూ చూసుకుంటావు. నేను రాసేది అంతకంటే పెద్ద సంగతి.

నీ రిజిస్ట్రేషన్ కాగితాలు ఒకసారి తీసి చూడు. ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులో రాసి, నేలలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని ఉంటుంది. ఆ గజాలు ఇదిగో ఇక్కడ అని ఎవరూ చూపించలేరు. బిల్డింగు గట్టిగా ఉన్నంతకాలం దాంతో ఇబ్బంది లేదు. స్లాబు పెచ్చులూడి, పిల్లర్లలో ఇనుము తుప్పుపట్టి, పడగొట్టి మళ్లీ కట్టుకుందాం అనుకున్న రోజున మొదలవుతుంది కష్టం. డెవలప్‌మెంట్‌కి ఇవ్వాలంటే వాటాదారులందరూ సంతకం పెట్టాలి. ఒకాయన డాలస్‌లో ఉంటాడు, ఫోనెత్తడు. ఇంకొకాయన పోయాడు, వారసులు కోర్టులో ఉన్నారు. మిగతా కుటుంబాలన్నీ ఆ స్లాబు కిందే బతకాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. దాని దృష్టి ఎక్కువగా కట్టించడం, అమ్మడం మీదే. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ఉమ్మడి స్థలాలను అసోసియేషన్‌కు రాసిమ్మని బిల్డర్లకు చెప్పింది. మంచి మాటే, కానీ మీలాంటి పాత బిల్డింగులకు దాంతో ఒరిగేది తక్కువ. తమిళనాడు 2022లో కొత్త చట్టం చేసి, మూడింట రెండొంతుల మంది యజమానులు ఒప్పుకుంటే మళ్లీ కట్టుకోవచ్చంది. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీలకు 51 శాతం చాలంది. మన దగ్గరా ఇలాంటి చట్టం రావాలి. నాకు తమిళనాడు పద్ధతే నచ్చింది. ఇంచుమించు సగం మంది వద్దంటున్నా వాళ్ల ఇళ్లు కూల్చడం నాకు న్యాయంగా తోచదు.

వద్దన్నవాళ్లను మొండివాళ్లనకు, అమ్మలూ. వయసు మళ్లిన మనిషికి అద్దె ఇంటికి మారి, ఏళ్ల తరబడి ఎదురుచూసి, తిరిగి సొంత గడప తొక్కుతానో లేదో అన్న భయం ఉంటుంది. బిల్డర్ మధ్యలో వదిలేస్తే దిక్కెవరు? అందుకే ముందుగా స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదిక, కట్టినన్నాళ్లూ అద్దె, పాత వైశాల్యానికి తగ్గని ఫ్లాటు, బిల్డర్ నుంచి బ్యాంకు గ్యారంటీ కూడా చట్టంలోనే ఉండాలి. ఇవి లేకుండా సంతకాల లెక్క ఒక్కటే తగ్గిస్తే బలహీనులే నలిగిపోతారు.

వచ్చే జనరల్ బాడీలో ఇలాంటి చట్టం కావాలని తీర్మానం పెట్టు. పక్క అపార్ట్‌మెంట్ల వాళ్లనూ కలుపుకుని మీ ఎమ్మెల్యేకి ఇవ్వండి. ముసాయిదా నేను రాసి పంపుతాను. ఈలోగా ప్రతి ఫ్లాటు యజమాని చిరునామా, వారసుల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించు.

ఇట్లు,
మీ మామయ్య