మంచుకొండలకు పోయిన మన తుఫాను



తుఫాను అంటే సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ల కష్టం అనుకుంటాం. ఎక్కడో కొండల మీద ఉన్నవాళ్లకు తుఫానుతో ఏం పని అనుకుంటాం. కానీ విశాఖపట్నం దగ్గర తీరం దాటిన ఒక తుఫాను, నేపాల్ కొండల్లో మనుషుల ప్రాణాలు తీసింది. అక్కడ అది వానగా పడలేదు. మంచుగా పడింది. అది ఎట్లా జరిగిందో ఈ పాఠంలో చదువుదాం.

మంచు అంటే ఏ మంచు?

మన ఊళ్లలో మంచు అంటే చలికాలం పొద్దున్నే గడ్డి మీద కనిపించే తడి. ఎండ రాగానే అది ఆరిపోతుంది. హిమాలయాల్లో పడే మంచు వేరు. అది ఆకాశం నుంచి తెల్లగా, దూదిలాగా రాలుతుంది. వడగళ్లలాగా గట్టిగా ఉండదు. చప్పుడు చేయదు. పడ్డది వెంటనే కరగదు. పొర మీద పొర పేరుకుంటుంది. మోకాళ్ల లోతు అవుతుంది. నడుము లోతు కూడా అవుతుంది. అప్పుడు దారి ఏదో, లోయ ఏదో తెలియదు.

అంత చలి ఎందుకు? ఒక లెక్క చేద్దాం. కొండ ఎక్కేకొద్దీ చలి పెరుగుతుంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. సముద్రం ఒడ్డున 30 డిగ్రీల వేడి ఉందనుకోండి. 5000 మీటర్ల ఎత్తున ఎంత ఉంటుంది? 5 ఆర్లు 30. 30 లోంచి 30 తీసేస్తే సున్నా. సున్నా డిగ్రీల దగ్గర నీళ్లు గడ్డ కడతాయి. అందుకే మన దగ్గర వాన కురిపించే మేఘం, అక్కడ మంచు కురిపిస్తుంది.

తుఫాను నడిచిన దారి

2014 అక్టోబరులో అండమాన్ దీవుల దగ్గర సముద్రంలో వాయుగుండం పుట్టింది. అది ముదిరి తుఫాను అయింది. దానికి హుద్‌హుద్ అని పేరు పెట్టారు. అక్టోబరు 12న, ఆదివారం నాడు, అది విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. చెట్లు కూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయాయి. ఉత్తరాంధ్ర అక్కలు ఆ రోజును ఇప్పటికీ మరిచిపోలేదు.

అయితే ఆ తుఫాను వస్తున్నదని వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెప్పింది. రేడియోలో చెప్పారు. టీవీలో చెప్పారు. ఊళ్లలో చాటింపు వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో, ఒడిశాలో లక్షల మందిని ముందే గట్టి భవనాలకు తరలించారు. ఆస్తి చాలా పోయింది. కొందరు చనిపోయారు కూడా. కానీ ముందు కబురు అందబట్టి ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

తీరం దాటాక తుఫాను గాలి బలం తగ్గింది. కానీ సముద్రం నుంచి మోసుకొచ్చిన తడి మేఘాల్లోనే ఉంది. ఆ మేఘాలు ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి పోయాయి. రెండు రోజుల్లో హిమాలయాలను తాకాయి. కొండ అడ్డం వస్తే మేఘం పైకి ఎక్కాల్సిందే గదా! పైకి ఎక్కేకొద్దీ చలి. పడమటి నుంచి వచ్చిన చల్లగాలి కూడా తోడైంది. మేఘాల్లో ఉన్న తడి అంతా మంచై కురిసింది.

తొరోంగ్ లా దగ్గర

నేపాల్‌లో తొరోంగ్ లా అనే కనుమ ఉంది. 'లా' అంటే టిబెట్ భాషలో కనుమ, అంటే కొండల మధ్య దాటే దారి. దాని ఎత్తు 5416 మీటర్లు. విశాఖపట్నానికి సుమారు 1200 కిలోమీటర్ల దూరం ఉంటుంది.

అక్కడ అక్టోబరు మంచి నెల. వానలు ఆగిపోతాయి. చలికాలం ఇంకా ముదరదు. ఆకాశం తేటగా ఉంటుంది. అందుకే ఆ నెలలో దేశదేశాల నుంచి జనం కొండలెక్కడానికి వస్తారు. వాళ్ల మూటలు మోయడానికి కూలీలు, దారి చూపడానికి మనుషులు వెంట పోతారు. ఆ కూలి డబ్బులతోనే ఎన్నో ఇళ్లు గడుస్తాయి.

2014 అక్టోబరు 14న వాళ్ల మీద మంచు విరుచుకుపడింది. కొన్ని గంటల్లోనే నడుము లోతుకు మించి పేరుకుంది. గాలికి ఎదురుగా ఉన్న మనిషి కనిపించలేదు. 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో విదేశాల వాళ్లున్నారు. మన దేశం వాళ్లున్నారు. నేపాల్ కూలీలున్నారు. జడలబర్రెలు కాసుకునే వాళ్లూ ఉన్నారు. వందల మందిని హెలికాప్టర్లతో, సైనికుల సాయంతో కాపాడారు.

ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించాలి. ఆ తుఫాను దాక్కుని రాలేదు. రెండు రోజుల ముందే విశాఖను తాకింది. ఆ సంగతి లోకమంతా తెలుసు. కానీ ఆ కొండదారిలో ఉన్న చాలామందికి తెలియదు. అక్కడ చెప్పేవాళ్లు లేరు. పొద్దున లేచి ఎప్పటిలాగే నడక మొదలుపెట్టారు. కబురు ఉండటం వేరు, కబురు అందటం వేరు.

తోటల మీద మంచు

కాలం కాని కాలంలో పడే మంచు పంటనూ వదలదు. కాశ్మీర్‌లో ఆపిల్ తోటల మీద ఎన్నో కుటుంబాలు బతుకుతాయి. అక్కడ పెద్ద మంచు మామూలుగా డిసెంబరు, జనవరి నెలల్లో పడుతుంది. అప్పటికి చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. మంచు కొమ్మల సందుల్లోంచి జారిపోతుంది. కానీ 2018లో నవంబరు 3నే గట్టిగా మంచు పడింది. 2019లో కూడా నవంబరు మొదటి వారంలోనే పడింది. చెట్లకు ఇంకా ఆకులున్నాయి. కొన్నింటికి కాయలూ ఉన్నాయి. ఆకుల మీద మంచు నిలిచింది. ఆ బరువుకు కొమ్మలు విరిగాయి. చెట్లు నిలువునా చీలాయి. ఆపిల్ చెట్టు మళ్లీ పెరిగి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కోసిన వరి పనల మీద వాన పడితే మన కడుపు ఎట్లా మండుతుందో, వాళ్లకూ అట్లాగే.

మనం ఏం చేయాలి?

తుఫానును ఎవరూ ఆపలేరు. మంచునూ ఆపలేరు. కానీ కబురు అందితే తప్పుకోవచ్చు. మన దేశంలో వాతావరణ శాఖ నాలుగు రంగులతో హెచ్చరిక చేస్తుంది. కాశ్మీర్ మంచుకైనా, మన వానకైనా ఇవే రంగులు.

ఆకుపచ్చ: భయం లేదు.
పసుపు: కనిపెట్టి ఉండండి.
నారింజ: సిద్ధంగా ఉండండి.
ఎరుపు: వెంటనే జాగ్రత్త పడండి.

ఈ హెచ్చరికలు టీవీలో, పేపర్లో వస్తాయి. సెల్‌ఫోనుకు కూడా వస్తాయి. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. మీరు చదివి ఊరుకోవద్దు. చదవడం రాని పక్కింటి అవ్వకు చెప్పండి. చేను దగ్గరికి పోయినవాళ్లకు, వేటకు పోయే జాలర్లకు కబురు పంపండి. వాళ్లకు అందినప్పుడే ఆ హెచ్చరిక పనికొచ్చినట్టు.

జవాబులు చెప్పండి

1. హుద్‌హుద్ తుఫాను ఏ రోజున తీరం దాటింది? నేపాల్‌లో మంచు ఏ రోజున పడింది? మధ్యలో ఎన్ని రోజులున్నాయి?
2. సముద్రం ఒడ్డున 30 డిగ్రీలు ఉంటే, 3000 మీటర్ల ఎత్తున ఎన్ని డిగ్రీలు ఉంటుంది?
3. ఆకులున్న చెట్టు మీద మంచు పడితే ఏమవుతుంది?
4. మీ ఊళ్లో వాన కబురు ఎవరికి ఆలస్యంగా అందుతుంది? వాళ్లకు ఎవరు చెప్పాలి? అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ పేర్లు పలక మీద రాయండి.