మూగబోయిన ఇంద్రియాలు

ఉద్దేశం: వాసన, రుచి, వినికిడి శక్తులు ఎలా నశిస్తాయో, వాటిని తిరిగి సాధించడానికి శాస్త్రజ్ఞులు చేసిన కృషి ఎటువంటిదో విద్యార్థులకు తెలియజేయడం.

సర్వేంద్రియాలలో నయనం ప్రధానమన్నారు పెద్దలు. కంటికి దక్కిన ఆ గౌరవం ముక్కుకు, నాలుకకు, చెవికి దక్కలేదు. చూపు మందగిస్తే మానవుడు వెంటనే వైద్యుని ఆశ్రయిస్తాడు. వాసన తెలియకపోతే జలుబని సరిపెట్టుకుంటాడు. వినికిడి తగ్గితే ఎదుటివారే నెమ్మదిగా మాట్లాడుతున్నారని భావిస్తాడు. 2020లో కోవిడ్-19 ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు ఈ ఉపేక్ష తొలగిపోయింది. ముక్కుదిబ్బడ లేకుండానే అసంఖ్యాకులు హఠాత్తుగా ఘ్రాణశక్తిని కోల్పోయారు. కాఫీ పరిమళం, పోపు ఘుమఘుమ, తొలకరి మట్టివాసన ఒక్కరోజులో మాయమయ్యాయి. పోయిన ఇంద్రియశక్తి తిరిగి వస్తుందా? అంతవరకు ప్రయోగశాలలకే పరిమితమైన ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్న అయింది.

ఘ్రాణశక్తి

ముక్కు లోపల పైభాగాన ఉండే చిన్న పొరలో లక్షలాది ఘ్రాణ నాడీకణాలు ఉంటాయి. వాసనను పట్టే గ్రాహకాల రహస్యాన్ని అమెరికా శాస్త్రజ్ఞులు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ 1991లో వెల్లడించారు. ఆ కృషికి 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మానవునిలో ఇటువంటి గ్రాహకాలు దాదాపు 400 రకాలున్నాయి. ఒక్కొక్క వాసన కొన్ని గ్రాహకాలను మేల్కొలుపుతుంది. కొద్దిపాటి అక్షరాలతో లక్షల పదాలు ఏర్పడినట్లే, ఈ కొద్ది గ్రాహకాల కలయికతో అసంఖ్యాకమైన వాసనలను మెదడు గుర్తిస్తుంది.

కోవిడ్ వైరస్ ప్రధానంగా ఈ నాడీకణాలను కాక, వాటిని పోషించే సహాయక కణాలను ఆశ్రయిస్తుందని 2020లో జరిగిన పరిశోధనలు సూచించాయి. పైరు చెడకపోయినా కాలువ తెగితే పొలం వాడిపోతుంది. ముక్కులో జరిగినదీ అదే. కాలువ బాగుపడినట్లు సహాయక కణాలు కోలుకోగానే చాలామందికి కొన్ని వారాలలోనే వాసన తిరిగివచ్చింది. అంతేకాక, ఘ్రాణ నాడీకణాలకు జీవితాంతం పునర్జన్మ పొందే గుణం ఉంది. అయినా కొందరికి నెలలు గడిచినా వాసన రాలేదు. మరికొందరికి సువాసన దుర్వాసనగా తోచింది.

ఇటువంటివారికి ఔషధం కన్నా అభ్యాసమే ఆసరా అయింది. జర్మనీలోని డ్రెస్‌డెన్‌కు చెందిన థామస్ హుమ్మెల్, ఆయన సహచరులు 2009లో ఒక పద్ధతిని ప్రకటించారు. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలను ఉదయం, సాయంత్రం శ్రద్ధగా ఆఘ్రాణిస్తూ 12 వారాలు సాధన చేయాలి. సాధన చేసినవారిలో కొందరికి వాసన పసిగట్టే శక్తి మెరుగుపడింది. వ్యాయామం కండరాలకే కాదు, ఇంద్రియాలకూ మేలు చేస్తుందని దీనివల్ల తెలిసింది.

వాసన కోల్పోవడం కేవలం సుఖానికి సంబంధించిన లోటు కాదు. వంటగ్యాస్‌కు సహజంగా చెప్పుకోదగ్గ వాసన లేదు. అది లీకైతే తెలియడానికే ఘాటైన వాసనగల మెర్కాప్టాన్ అనే రసాయనాన్ని అందులో కలుపుతారు. ఘ్రాణశక్తి లేనివారికి ఆ హెచ్చరిక అందదు.

రుచి

ఉగాదినాడు షడ్రుచులను ఆస్వాదించడం తెలుగువారి సంప్రదాయం. ఆధునిక శాస్త్రం మాత్రం తీపి, పులుపు, ఉప్పు, చేదులతో పాటు ఉమామిని ప్రాథమిక రుచులుగా గుర్తిస్తుంది. మాంసం, పుట్టగొడుగుల వంటి పదార్థాలలోని ఈ ఉమామిని జపాన్ శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా 1908లో కనుగొన్నాడు. కారం నిజానికి రుచి కాదు, అది వేడిని, నొప్పిని తెలిపే నాడుల స్పందన. ఆ స్పందనకు మూలమైన గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

నాలుకపై రుచికణాలు ఇంచుమించు పది రోజులకొకసారి కొత్తవి పుడుతూ ఉంటాయి. అందువల్ల రుచి పూర్తిగా నశించడం అరుదు. "నోటికి రుచి లేదు" అనేవారిలో అనేకులు నిజానికి కోల్పోయింది వాసననే. ముక్కు మూసుకొని పాయసం తింటే తీపి తెలుస్తుంది కాని ఏలకుల సౌరభం తెలియదు.

శ్రవణశక్తి

చెవి కథ వేరు. లోపలి చెవిలో నత్తగుల్లను పోలిన కాక్లియా అనే భాగం ఉంది. అందులోని సుమారు 15 వేల సూక్ష్మ రోమకణాలు శబ్దతరంగాలను విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి. పెద్ద శబ్దాలు, కొన్ని మందులు, వార్ధక్యం వీటిని నాశనం చేస్తాయి. మానవునిలో చనిపోయిన రోమకణం తిరిగి పుట్టదు. పక్షులలో మాత్రం అది మళ్లీ పుడుతుందని 1980 దశకంలో పరిశోధకులు గుర్తించారు. పిట్టకున్న వరం మనిషికి ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం కోసం నేటికీ అన్వేషణ సాగుతోంది.

ఈలోగా మానవ మేధ మరొక మార్గం తొక్కింది. ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్ తండ్రికి వినికిడి లోపం ఉండేది. ఆయన పడిన అవస్థ కుమారుని మనసులో నాటుకుంది. వంపులు తిరిగిన కాక్లియాలోకి సన్నని తీగను ఎలా పంపాలన్నది క్లార్క్‌కు ఎదురైన చిక్కు. 1977లో సముద్రతీరాన ఒక గుల్లలోకి గడ్డిపరకను చొప్పిస్తూ ఆయన ఆ చిక్కును విడదీశాడు. కొన మెత్తగా, మొదలు గట్టిగా ఉంటే తీగ సులభంగా సాగుతుందని గ్రహించాడు. 1978లో మెల్‌బోర్న్‌లో తొలి శస్త్రచికిత్స జరిపాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం ద్వారా పేద కుటుంబాల చిన్నారులకు సైతం ఇటువంటి కాక్లియర్ ఇంప్లాంట్ చికిత్స అందింది. మాటలు నేర్చే తొలి సంవత్సరాలలోనే లోపాన్ని గుర్తించినప్పుడు దీని ప్రయోజనం అధికం. ఆ కాలం దాటితే వినికిడితో పాటు భాష కూడా దూరమయ్యే ప్రమాదం ఉంది.

ఒటోఫెర్లిన్ అనే జన్యువులో లోపం వల్ల పుట్టుకతో చెవుడు సోకిన పిల్లలకు చైనాలో జన్యుచికిత్స చేశారు. ఆ ఫలితాలు 2024 జనవరిలో ప్రచురితమయ్యాయి. చికిత్స పొందిన ఆరుగురిలో ఐదుగురికి వినికిడి మెరుగైంది.

అయినా నివారణను మించిన చికిత్స లేదు. సురక్షితం కాని రీతిలో సంగీతం వినడం వల్ల నూరు కోట్లకు పైగా యువజనులు వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో హెచ్చరించింది. ముక్కు, నాలుక తమ నష్టాన్ని తామే కొంత పూడ్చుకోగలవు. చెవికి ఆ అవకాశం లేదు. కనుక ఇయర్‌ఫోన్ శబ్దాన్ని తగ్గించుకోవడం నేటి యువత తన రేపటికి చేసుకునే మేలు.

కఠిన పదాలు – అర్థాలు
ఘ్రాణశక్తి: వాసన చూసే శక్తి
ఉపేక్ష: లెక్కచేయకపోవడం
ఆఘ్రాణించు: వాసన చూచు
సౌరభం: సువాసన
వార్ధక్యం: ముసలితనం

ప్రశ్నలు
1. కోవిడ్ సోకినవారిలో చాలామందికి వాసన తిరిగి రావడానికి కారణమేమి?
2. రుచి పోయిందనేవారు నిజానికి కోల్పోయినది ఏమి? ఉదాహరణతో వివరించండి.
3. గ్రేమ్ క్లార్క్ కృషిని గురించి వ్రాయండి.
4. ముక్కు, నాలుక, చెవి కణాల మధ్యగల భేదాన్ని సొంతమాటల్లో తెలపండి.